ఇంటి సామానుతో పోయిన ఉత్తరాలు

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శి గారు ఫోన్ చేసి, "చిప్పులు తయారుచేసే రంగంలో ఉన్నావు కదా, సెమీకండక్టర్ల మీద ఒక అరగంట మాట్లాడు" అన్నారు. ఆ విషయం రేపు పదో తరగతి పిల్లలతో విడిగా మాట్లాడతానని చెప్పి, ఈ సభలో వేరే సంగతి చెప్పుకోవడానికి అనుమతి తీసుకున్నాను. కారణం మీకు తెలిసిందే. ఇవాళ మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో మనం ఒక ట్రంకు పెట్టె గురించి నిర్ణయం తీసుకోవాలి. మన పాత హెడ్మాస్టారి ఇంట్లో ఉన్న ఉత్తరాల పెట్టె అది. దాని దగ్గరికి తరువాత వస్తాను. దానికి ముందు, ఎనభై ఏళ్ళు దాటిన కాలంలో, మనకు చాలా దూరంలో, ఇలాంటి నిర్ణయమే తీసుకోవలసి వచ్చిన ఒక పెద్దావిడ గురించి చెబుతాను. ఆవిడ పేరు మాల్వినే హుసెర్ల్. ప్రసిద్ధ తత్వవేత్త ఎడ్మండ్ హుసెర్ల్ భార్య.

నాకు తత్వశాస్త్రం రాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఉద్యోగరీత్యా కొన్నాళ్ళు బెల్జియంలోని లూవెన్ అనే ఊళ్ళో ఉన్నాను. చిన్న ఊరు. పాత విశ్వవిద్యాలయం, సైకిళ్ళ మీద తిరిగే విద్యార్థులు, ఊరి అంచున మా రంగానికి చెందిన పెద్ద పరిశోధన సంస్థ. అక్కడి సహోద్యోగి ఒకాయన ఒక రోజు భోజనాల దగ్గర, "మా ఊళ్ళో ఒక జర్మన్ తత్వవేత్త కాగితాలు దాచారు తెలుసా?" అన్నాడు. జర్మన్ ఆయన కాగితాలు బెల్జియంలో ఎందుకున్నాయి అని అడిగాను. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ చదివినదే ఇవాళ మీకు చెబుతున్నాను.

హుసెర్ల్ 1859లో మొరేవియాలోని ప్రోస్నిట్స్ అనే ఊళ్ళో, ఒక యూదుల ఇంట పుట్టాడు. అది ఇప్పుడు చెక్ దేశంలో ఉంది. ఆయన మొదట లెక్కల మనిషి. ఈ మాట వింటే మన లెక్కల మాస్టార్లు సంతోషిస్తారు. 1883లో వియన్నాలో డాక్టరేటు తీసుకున్నది గణితంలోనే. బెర్లిన్‌లో వయర్‌స్ట్రాస్ అనే మహా గణితవేత్తకు సహాయకుడిగా పనిచేశాడు. ఇంజనీరింగ్ చదివిన వాళ్ళకు ఆ పేరు ఏదో ఒక సెమిస్టర్‌లో తగిలే ఉంటుంది. తరువాత, అసలు సంఖ్య అంటే ఏమిటి, ఒక విషయం మనకు తెలిసింది అంటే మనసులో జరిగేది ఏమిటి అనే ప్రశ్నల వెంట పడి తత్వశాస్త్రంలోకి వెళ్ళిపోయాడు. 1900-01లో వచ్చిన ఆయన తర్క పరిశోధనల పుస్తకంతో ఫినామినాలజీ అనే కొత్త దారి మొదలైంది. సిద్ధాంతాలను కాసేపు పక్కనపెట్టి, ఒక వస్తువు మన అనుభవంలోకి ఎలా వస్తోందో ఓపికగా చూడు, చూసింది చూసినట్టు వర్ణించు అన్నది ఆ దారిలో నాకు అర్థమైనంత వరకు సారం. హైడెగ్గర్, సార్త్ర్, మెర్లో పాంటీ లాంటి వాళ్ళంతా ఆ దారి నుంచి బయలుదేరిన వాళ్ళే.

మాల్వినేది కూడా ప్రోస్నిట్స్ యూదు సమాజంతో సంబంధం ఉన్న కుటుంబమే. పెళ్ళినాటికి ఇద్దరూ క్రైస్తవం తీసుకున్నారు. 1887లో పెళ్ళయింది. ముగ్గురు పిల్లలు: ఎలిజబెత్, గెర్హార్ట్, వోల్ఫ్‌గాంగ్. చిన్నవాడు వోల్ఫ్‌గాంగ్ 1916 మార్చిలో జర్మన్ సైనికుడిగా వెర్డన్ యుద్ధంలో చనిపోయాడు. ఇరవై ఏళ్ళు నిండి ఆరు నెలలు కూడా కాలేదు. పెద్ద కొడుకు కూడా అదే యుద్ధంలో గాయపడ్డాడు. దేశం కోసం ఒక కొడుకును ఇచ్చిన ఆ ఇంటిని 1933లో అదే దేశం "మీరు మా వాళ్ళు కారు" అంది. హిట్లర్ ప్రభుత్వం వచ్చిన కొద్ది నెలలకే, రిటైరైన హుసెర్ల్‌ను కూడా యూదుడన్న కారణంతో విశ్వవిద్యాలయం నుంచి దూరం పెట్టారు. న్యాయశాస్త్రం చెప్పే కొడుకు గెర్హార్ట్‌ను కీల్ విశ్వవిద్యాలయంలో తప్పించారు. 1930లు గడిచేలోపు కొడుకూ కూతురూ అమెరికా చేరుకున్నారు. ముసలి దంపతులిద్దరూ ఫ్రైబుర్గ్‌లో మిగిలారు. 1938 ఏప్రిల్ 27న హుసెర్ల్ కన్నుమూశాడు. అప్పటికి మాల్వినేకు 78 ఏళ్ళు.

ఇప్పుడు ఆ ఇంటిని ఒకసారి ఊహించండి. పిల్లలు సముద్రం అవతల. ఊళ్ళో పలకరించే వాళ్ళు తక్కువ. ఇంటి నిండా కాగితాలు. ఎన్ని కాగితాలు అంటే, ఆయన రాసిన పుటలే సుమారు 40,000. ఆయన సహాయకులు శుద్ధప్రతి తీసినవి మరో 10,000. వీటికి తోడు దాదాపు 2,700 పుస్తకాల సొంత లైబ్రరీ. ఆ 40,000 పుటలూ మామూలు రాత కాదు, గాబెల్స్‌బెర్గర్ అనే ఒక పాత పద్ధతి షార్ట్‌హాండ్. మన కచేరీల్లో స్టెనోగ్రాఫర్లు పిట్‌మన్ గీతలు గీసేవారు చూడండి, అలాంటిదే జర్మన్ వాళ్ళకొకటి ఉండేది. పైగా ఆయన అందులో తన సొంత గుర్తులు కలుపుకున్నాడు. దాన్ని తడుముకోకుండా చదవగలిగిన వాళ్ళు ఆయన దగ్గర పనిచేసిన కొద్దిమందే.

ఆ ఆగస్టు చివరిలో ఒక కుర్రాడు ఆ ఇంటి తలుపు తట్టాడు. పేరు హెర్మన్ లియో వాన్ బ్రెడా. బెల్జియం వాడు, ఫ్రాన్సిస్కన్ సన్యాసి, లూవెన్‌లో డాక్టరేట్ చేస్తున్న విద్యార్థి. వయసు 27. అచ్చుకాని రాతలు ఏమైనా ఉంటే చూసి థీసిస్‌లో వాడుకుందామని వచ్చాడు. లోపలికి వెళ్ళి చూశాక థీసిస్ మాట పక్కకు పోయింది. ఈ కాగితాలు ఈ దేశంలో ఉంటే మిగలవు అని అతనికి అర్థమైంది. మాల్వినేకు ఆ సంగతి అంతకు ముందే తెలుసు. ప్రేగ్ తరలించే ఆలోచన వాళ్ళకు అప్పటికే ఉంది, అక్కడ ఒక తత్వశాస్త్ర బృందం శుద్ధప్రతులు తీయడం కూడా మొదలుపెట్టింది. కానీ ఆ సెప్టెంబరులో హిట్లర్ కన్ను చెకోస్లోవేకియా మీదే ఉంది. ఆ దారి మూసుకుపోయింది.

తరువాత జరిగింది సినిమా కథలా ఉంటుంది. మొదట, హుసెర్ల్ కుటుంబానికి ఆప్తురాలైన ఆడెల్‌గుండిస్ అనే బెనెడిక్టిన్ సన్యాసిని మూడు బరువైన సూట్‌కేసుల్లో రాతప్రతులు పెట్టుకుని స్విట్జర్లాండ్ సరిహద్దు ఊరు కాన్‌స్టాన్స్ చేరింది. అక్కడి సన్యాసినులు కొంచెం కొంచెంగా సరిహద్దు దాటిద్దామనుకున్నారు. ఆలోచిస్తే అది ప్రాణాపాయం. పట్టుబడితే మనుషులూ పోతారు, కాగితాలూ పోతాయి. సూట్‌కేసులు వెనక్కి వచ్చాయి. అప్పుడు వాన్ బ్రెడా వాటిని రైల్లో బెర్లిన్ తీసుకువెళ్ళి బెల్జియం రాయబార కార్యాలయంలో అప్పగించాడు. దౌత్య సామానును జర్మన్ పోలీసులు తెరిచి చూడకూడదు, అదొక్కటే రక్షణ. కానీ ఒక చిక్కు వచ్చింది. జర్మన్ పౌరురాలి ఆస్తిని రాయబార కార్యాలయం ఎలా మోస్తుంది? అందుకని ఈ రాతప్రతులన్నీ బెల్జియం పౌరుడైన వాన్ బ్రెడావి అని మాల్వినే కాగితం రాసి సంతకం పెట్టి ఇచ్చింది. పెళ్ళయిన నాటి నుంచి యాభై ఏళ్ళ పాటు ఇంట్లో పోగైన భర్త జీవితకాలపు పనిని, మూడు నాలుగు వారాల పరిచయం ఉన్న కుర్రాడి పేరు మీద పెట్టింది. ఈ కథలో నన్ను అన్నిటికంటే ఆపేసింది ఆ సంతకం. బెల్జియం ప్రధానమంత్రి స్పాక్ వరకు వెళ్ళి అనుమతి వచ్చింది. నవంబరు చివరికల్లా రాతప్రతులు లూవెన్ చేరాయి. అదే నవంబరు 9 రాత్రి జర్మనీ అంతటా యూదుల ఇళ్ళూ దుకాణాలూ ప్రార్థనామందిరాలూ పగలగొట్టారు, తగలబెట్టారు. నెలన్నర ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేం.

మాల్వినే కూడా 1939 జూన్‌లో లూవెన్ వచ్చింది, 79 ఏళ్ళ వయసులో. కొన్నాళ్ళు అక్కడ ఆగి పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళాలని అనుకుంది. ఇంతలో యుద్ధం వచ్చింది, 1940 మేలో జర్మన్ సైన్యం బెల్జియంలోకి వచ్చింది. లూవెన్ పక్కనే ఉన్న హెరెంట్ అనే ఊళ్ళో ఒక కాన్వెంటులో ఆవిడను దాచారు. ఆవిడ జర్మన్ల నుంచి పారిపోయి వచ్చింది, జర్మన్లు ఆవిడ వెనకే వచ్చారు. ఆ గోడల మధ్య 1946 దాకా ఉండిపోయింది. 86వ ఏట అమెరికా వెళ్ళి పిల్లలను చూసుకుంది. 1950 నవంబరులో కన్నుమూసింది. ఫ్రైబుర్గ్ దగ్గరి గుంటర్స్‌టాల్ శ్మశానంలో భర్త సమాధి దగ్గరే ఆవిడ సమాధి కూడా ఉంది.

ఇప్పుడు నా అసలు విషయానికి వస్తున్నాను.

రాతప్రతులు దౌత్య సామానుగా వెళ్ళాయి. మరి ఇంట్లో ఉన్న ఉత్తరాలు? కుటుంబానికి వచ్చినవి, హుసెర్ల్‌కు శిష్యులు, మిత్రులు రాసినవి? వాటిలో చాలా భాగం కుర్చీలు, బల్లలు, వంట సామానుతో పాటు పెద్ద పెట్టెలో సర్ది అమెరికా పంపడానికి ఆంట్‌వెర్ప్ రేవులో ఉంచారు. 1940లో ఆ రేవు మీద బాంబులు పడ్డాయి. ఆ సామానంతా కాలిపోయింది. ఒక తరం యూరప్ తత్వవేత్తలు ఆయనకు ఏం రాశారో, ఏం అడిగారో, ఎక్కడ విభేదించారో చెప్పే కట్టలు అందులో పోయాయి. హైడెగ్గర్ హుసెర్ల్‌కు రాసిన ఉత్తరాలు చాలా వరకు ఇవాళ లేకపోవడానికి కారణం ఇదే. విచిత్రం చూడండి. లూవెన్ విశ్వవిద్యాలయ లైబ్రరీ కూడా అదే 1940 మేలో తగలబడింది. 1914లో ఒకసారి కాలింది, కట్టుకున్నారు, మళ్ళీ కాలింది. కానీ హుసెర్ల్ రాతప్రతులు ఆ లైబ్రరీలో లేవు, అందుకని మిగిలాయి. 'తత్వం' అని పేరు పెట్టినది బతికింది. 'ఇంటి సామాను' అని పేరు పెట్టినది కాలింది.

ఇందులో మాల్వినేను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. మూడు సూట్‌కేసులే మోయగలిగినప్పుడు ఏది ముందు పెడతాం? ఎవరైనా రాతప్రతులే పెడతారు. నేను చెప్పేది అంతకంటే చిన్న సంగతి. మనం ఒక కాగితానికి ఏ పేరు పెడతామో దాన్నిబట్టి దాని దారి నిర్ణయమైపోతుంది.

అయినా ఇవాళ హుసెర్ల్ ఉత్తరాలు పది సంపుటాలుగా దొరుకుతున్నాయి. 1994లో కార్ల్ షూమాన్, ఎలిజబెత్ షూమాన్ దంపతులు సంపాదకులుగా వచ్చాయి. తొమ్మిదో సంపుటం కుటుంబ లేఖలు. అందులో మాల్వినే రాసినవీ ఉన్నాయి. సామాను కాలిపోతే ఇవి ఎక్కడివి? అందుకున్న వాళ్ళ ఇళ్ళల్లోవి! అమెరికాలో ఉన్న పిల్లలు తల్లిదండ్రుల ఉత్తరాలు దాచుకున్నారు. పోలండ్‌లో ఉన్న శిష్యుడు రోమన్ ఇంగార్డెన్ తన గురువు ఉత్తరాలను ఆ భయంకరమైన యుద్ధం దాటించి, 1968లో పుస్తకంగా వేశాడు. హుసెర్ల్ ఇంటికి వచ్చిన ఉత్తరాలు ఒక్క చోట ఉన్నాయి కాబట్టి ఒక్క దెబ్బకు పోయాయి. ఆ ఇంటి నుంచి వెళ్ళినవి ఇరవై చోట్ల ఉన్నాయి కాబట్టి మిగిలాయి. మా ఇంజనీర్లు సర్వర్ల గురించి చెప్పే మొదటి పాఠం ఇదే. ఒక్క చోట ఉన్నది ఉన్నట్టు కాదు. దీన్ని మేం కనిపెట్టామనుకుంటాం గానీ పోస్టు డిపార్టుమెంటు ఏనాడో చేసి చూపించింది.

రెండో పాఠం, కాగితం మిగిలితే సరిపోదు, చదివేవాడు కూడా మిగలాలి. ఆ షార్ట్‌హాండ్ చదవగల సహాయకులు లాండ్‌గ్రేబె, ఓయిగెన్ ఫింక్ ఇద్దరూ 1939లో లూవెన్ వచ్చి పని మొదలుపెట్టారు. ఫ్రాంకీ ఫౌండేషన్ అనే బెల్జియం సంస్థ దానికి డబ్బు ఇచ్చింది. ఆక్రమణ రోజుల్లో వియన్నా నుంచి పారిపోయి వచ్చిన స్టెఫాన్ స్ట్రాసర్, ఆయన భార్య గుట్టుగా ఆ గీతలను మామూలు అక్షరాల్లోకి తెచ్చారు. అంతకు ముందు 1916 నుంచి 1918 వరకు ఆ పని చేసిన ఎడిత్ స్టైన్‌ను 1942లో ఆష్‌విట్జ్‌లో చంపేశారు. చదవగల మనుషులు కాగితాల కంటే తొందరగా పోతారు. మనకు ఇది కొత్త కాదు. మా తాతగారి కరణీకపు గొలుసుకట్టు రాత మా ఇంట్లో ఇప్పుడు ఎవరికీ రాదు. దస్తావేజు ఉంది, చదివేవాడు లేడు. మన పిల్లల్లో చేతిరాత తెలుగు, అందులోనూ ఇన్‌లాండ్ కవరు అంచుల్లో అడ్డంగా తిప్పి రాసిన తెలుగు, చదవగలిగే వాళ్ళు ఎంతమందో మీరే లెక్క వేసుకోండి.

మూడో పాఠం ఆ సంతకం. ఎవరికి ఇవ్వాలి, ఏ షరతు మీద ఇవ్వాలి అన్నది ఆ ఇంటి పెద్దావిడ బతికి ఉండగా, తెలివిలో ఉండగా, తన చేత్తో తేల్చింది. బంధువులు వచ్చి ఇల్లు ఖాళీ చేసే రోజు దాకా ఆగలేదు.

తెలుగులో మనం ఉత్తరాలను పట్టించుకోని జాతి ఏమీ కాదు. గురజాడ వారి డైరీలు, ఉత్తరాలు ఆయన పోయాక చాలా ఏళ్ళకు అవసరాల సూర్యారావు గారి శ్రమతో అచ్చయ్యాయి కాబట్టే ఇవాళ ఆ మనిషి మనకు తెలుస్తున్నాడు. తుమ్మపూడిలో కూర్చుని సంజీవదేవ్ గారు ప్రపంచం నలుమూలలకూ ఉత్తరాలు రాశారు, అవి పుస్తకాలుగా వచ్చాయి. కానీ మామూలు ఇళ్ళలో మన పద్ధతి వేరు. ఇనుప తీగకు గుచ్చి వంటింటి గుమ్మం పక్కన వేలాడదీసే వాళ్ళం. తీగ నిండితే కింద నుంచి లాగేసి పొయ్యిలో పెట్టేవాళ్ళం. ఇంకో అలవాటు కూడా ఉంది. శుభలేఖకు నాలుగు మూలలా పసుపు రాసి దాచేవాళ్ళు, చావు కబురు తెచ్చిన ఉత్తరాన్ని చదివిన వెంటనే చింపి బయట పారేసేవాళ్ళు, ఇంట్లో ఉండకూడదని. అందువల్ల మన ఇళ్ళలో మిగిలిన ఉత్తరాలన్నీ కలిపి చదివితే పెళ్ళిళ్ళే కనిపిస్తాయి, ఎవరూ చచ్చిపోయినట్టు కనిపించదు. ఏది మిగలాలో ఆచారం కూడా నిర్ణయిస్తుందన్న మాట.

ఇక మన ట్రంకు పెట్టె. ఇది అమ్మగారి అనుమతి తీసుకునే చెబుతున్నాను. మోకాళ్ళ నొప్పుల వల్ల ఆవిడ ఇవాళ సభకు రాలేకపోయారు.

హెడ్మాస్టారు మనలో ఎవరు ఉత్తరం రాసినా జవాబు రాసేవారు. అది మీ అందరికీ తెలుసు. పాలిటెక్నిక్‌లో సీటు వచ్చినా, పరీక్ష తప్పినా, దుబాయ్ వెళ్ళినా, ఊళ్ళో గొడవపడి పారిపోయినా ఆయనకు రాశాం. ఆ ఉత్తరాలన్నీ ఆయన సంవత్సరం ప్రకారం కట్టలు కట్టి పాత ధోవతి పంచెల్లో చుట్టి పెట్టెలో పెట్టుకున్నారు. అదే పెట్టెలో అడుగున వాళ్ళ సొంత ఉత్తరాలు కూడా ఉన్నాయి. అమ్మగారి పుట్టింటి వాళ్ళు రాసినవి, పోయిన వాళ్ళ అమ్మాయి హాస్టల్ నుంచి రాసినవి. ఆ ఇంటిని వచ్చే వేసవిలో పడగొట్టి అపార్ట్‌మెంట్ కడతారు. అమ్మగారు కొడుకు దగ్గరికి వెళ్ళిపోతారు. ఒక కట్టను ఇప్పటికే చెదలు తినేశాయి. సమయం అంతే ఉంది.

మొన్న నేనూ కార్యదర్శి గారూ వెళ్ళి అడిగితే అమ్మగారు ఒక ప్రశ్న వేశారు. "ఆ పిల్లలు మీ మాస్టారిని నమ్మి రాసుకున్నారు బాబూ. ఒకడు తండ్రి తాగుడు గురించి రాశాడు. ఒకమ్మాయి పెళ్ళి ఇష్టంలేదని రాసింది. ఇప్పుడు వాళ్ళకు మనవలున్నారు. నేను ఇవి ఎవరి చేతిలో పెట్టను?"

ఈ ప్రశ్నకు నా దగ్గర ఆ రోజు జవాబు లేదు. తరువాత ఆలోచించాను. చట్టం సగం జవాబు చెబుతుంది. కాగితం అందుకున్న వాళ్ళది, అందులోని మాట రాసిన వాళ్ళది. మన దేశపు కాపీరైట్ చట్టం ప్రకారం ఉత్తరాన్ని అచ్చువేసే హక్కు రాసిన వాళ్ళకూ, వాళ్ళ తదనంతరం వాళ్ళ వారసులకూ ఉంటుంది. అంటే అమ్మగారు పెట్టె మనకిచ్చినా, అందులోని సంగతులు మనవి కావు. మిగతా సగం జవాబు చట్టంలో ఉండదు, మన మర్యాదలో ఉండాలి.

సంఘంలో కొందరు మిత్రులు ఈ ఉత్తరాలతో ఫ్లెక్సీ బోర్డులు చేసి ప్రదర్శన పెడదామన్నారు. వాళ్ళ అభిమానాన్ని నేను శంకించను. కానీ నేను దానికి ఒప్పుకోను. ఇంకొందరు "పాత కాగితాలకు డబ్బెందుకు, ఇంకో స్మార్ట్ టీవీ కొందాం" అన్నారు. ఒక టీవీ ఖరీదు కంటే ఈ పనికి తక్కువే అవుతుంది, ఆ లెక్క మధ్యాహ్నం చూపిస్తాను. నేను పెట్టబోయే తీర్మానం ఇది.

అడుగున ఉన్న కుటుంబ లేఖలను అమ్మగారే విడదీస్తారు. ఆవిడకు కళ్ళు సరిగా కనపడవు కాబట్టి చదివి వినిపించడానికి ఆవిడ ఎంచుకున్న ఒకరు పక్కన ఉంటారు. వాటిని ఆవిడ ఉంచుకుంటారో, మనవరాలికి ఇస్తారో, కాల్చేస్తారో ఆవిడ ఇష్టం. సంఘం అడగకూడదు.

మనం రాసిన ఉత్తరాలు ఎవరివి వాళ్ళకు తిరిగి చూపించాలి. "ఇది దాచవచ్చు", "ఇది నాకు ఇచ్చేయండి", "నేను పోయాక గానీ తెరవకండి" అని మూడు మాటల్లో ఏదో ఒకటి రాసిన వాళ్ళు చెప్పాలి. జాడ తెలియని వాళ్ళవి, పోయిన వాళ్ళవి 30 ఏళ్ళు సీలు వేసి ఉంచాలి. ఇవాళ బయటపెట్టవలసింది ఒక్క పట్టిక మాత్రమే. అందులో తేదీ, ఏ ఊరి నుంచి వచ్చింది, ఎన్ని పుటలు అన్న వివరాలే ఉంటాయి, సంగతులు ఉండవు, పేర్లు కూడా అనుమతి ఉంటేనే.

దాచే పద్ధతికి పెద్ద విద్య అక్కరలేదు. గుండుసూదులు, స్టేపిల్ పిన్నులు తీసేయాలి, తుప్పు కాగితాన్ని తినేస్తుంది. లామినేషన్ చేయించకూడదు. అది రక్షణ అనుకుంటాం గానీ, వేడికి సిరా దెబ్బతింటుంది, ఆ ప్లాస్టిక్ మళ్ళీ ఊడిరాదు. చిరిగిన చోట సెల్లోటేపు వేయకూడదు, కొన్నాళ్ళకు పసుపు మరక మిగులుతుంది. మడతలు మెల్లగా విప్పి, ఆమ్లం లేని కాగితపు కవర్లలో పడుకోబెట్టి, నేలకు గోడకు తగలకుండా ఇనుప బీరువాలో పెట్టాలి. వానాకాలం తరువాత ఒకసారి తెరిచి చూడాలి. స్కాన్ చేస్తే రంగుల్లోనే చేయాలి, కవరు మీద పోస్టు ముద్రతో సహా, ఎందుకంటే లోపల తేదీ వేయని వాళ్ళు మనలో చాలామంది. ఆ ప్రతులు రెండు వేరు వేరు ఊళ్ళలో ఉండాలి. ఎంత డిజిటల్ చేసినా అసలు కాగితాన్ని పారేయకూడదు. నేను కంప్యూటర్ల మనిషిని, అందుకే చెబుతున్నాను. నా ఉద్యోగం మొదట్లో ఫ్లాపీల మీద దాచినవి ఇవాళ చదవాలంటే యంత్రం వెతుక్కోవాలి. అదే ఏడాది రాసిన పోస్టు కార్డు కళ్ళజోడు పెట్టుకుంటే చాలు.

చివరగా మీ అందరికీ ఒక విన్నపం. అమ్మగారి పెట్టెలో ఉన్నవి మనం రాసినవి మాత్రమే. హెడ్మాస్టారు మనకు రాసినవి ఆ పెట్టెలో లేవు, ఉండవు. అవి మీ ఇళ్ళలో ఉన్నాయి. అటక మీద, సర్టిఫికెట్ల ఫైల్లో, పెళ్ళి ఆల్బమ్ అట్ట వెనక, మీ అమ్మగారి చీరల అడుగున. హుసెర్ల్ ఉత్తరాలు అందుకున్న వాళ్ళ ఇళ్ళలో బతికినట్టే, మన మాస్టారి మాట బతికి ఉంటే అక్కడే బతికి ఉంటుంది. ఇంటికి వెళ్ళి వెతకండి. దొరికితే చదువుకోండి, మీ పిల్లల చేత పైకి చదివించండి. వాళ్ళు ఆ రాతను చదవగలరో లేదో కూడా తెలుస్తుంది. ఇవ్వాలనిపిస్తే ప్రతి ఇవ్వండి, అసలు మీ దగ్గరే ఉంచుకోండి. ఇవ్వాలనిపించకపోతే ఉందని చెప్పండి చాలు.

లూవెన్‌లో ఆ కాగితాల చుట్టూ మొదలైన హుసెర్ల్ ఆర్కైవ్స్ ఇప్పటికీ పనిచేస్తోంది. 1950 నుంచి ఆయన రాతలు వరుసగా అచ్చువేస్తూ 40 సంపుటాలు దాటింది. యుద్ధం రాకముందు, 1939 ఏప్రిల్‌లోనే పారిస్ నుంచి మెర్లో పాంటీ అనే యువకుడు వచ్చి అక్కడ కూర్చుని చదువుకుని వెళ్ళాడు. ఎవరో ఒకరు వచ్చి చదువుతారన్న నమ్మకం తప్ప ఆ రోజు మాల్వినేకు వేరే హామీ ఏమీ లేదు. మన పెట్టెను వెతుక్కుంటూ మెర్లో పాంటీ రాకపోవచ్చు. ఒక మునిమనవరాలు రావచ్చు, మా తాత ఈ ఊరి నుంచి ఎందుకు వెళ్ళిపోయాడు అని అడగడానికి.

భోజనాల తరువాత మూడు గంటలకు పాత సైన్సు ల్యాబులో సమావేశం. తలుపు పక్కన బల్ల మీద ఒక రిజిస్టరు పెట్టాం. మాస్టారి ఉత్తరం మీ దగ్గర ఉంటే, లేదా ఉందేమోనన్న అనుమానం ఉన్నా సరే, మీ పేరు, బ్యాచి, ఫోన్ నంబరు అందులో రాయండి. తీర్మానానికి అనుకూలంగానే చెయ్యెత్తమని అడగను. అమ్మగారి ప్రశ్నను మాత్రం ఒకసారి మనసులో అనుకుని చెయ్యెత్తండి.